అమృతాంజనం సీసా వెనుక ఎలకుర్రు మనిషి

చాట్రాయి: మామిడి కాపు దిగే రోజుల్లో ఇక్కడి తోటల్లో ఎండ మాడు పగులగొడుతుంది. చిక్కం కర్ర పట్టి పొద్దంతా పైకి చూసిన కూలీకి సాయంత్రానికి మెడ పట్టేస్తుంది. అప్పుడు కిరాణా కొట్టులో అడిగి తెచ్చుకునేది పసుపుపచ్చని అమృతాంజనం. తరతరాలుగా తెలుగువారి గూట్లో ఉంటున్న ఈ చిన్న సీసాను అమ్మకానికి తెచ్చింది విదేశీ దొర కాదు, పాత కృష్ణా జిల్లా మనిషి. ఆయన దేశోద్ధారక కాశీనాథుని నాగేశ్వరరావు పంతులు.

చాట్రాయి 2022లో ఏలూరు జిల్లాలో చేరింది. అంతకు ముందు కృష్ణా జిల్లాలోనే ఉండేది. పంతులు గారి సొంత ఊరు, పామర్రు దగ్గరి ఎలకుర్రు కూడా ఆ జిల్లాలోదే. ఆయన అక్కడ 1867 మే 1న పుట్టారు. బందరులోనూ, తర్వాత మద్రాసు క్రిస్టియన్ కాలేజీలోనూ చదివారు.

ఆ రోజుల్లో పట్టా పుచ్చుకున్నవారు సర్కారు కొలువు కోసం చూసేవారు. పంతులు గారి మనసు వ్యాపారం మీద ఉంది. కొంతకాలం కలకత్తాలో ఉండి, తర్వాత బొంబాయి చేరి ఒక కంపెనీలో గుమాస్తాగా పనిచేశారు. 1893లో సొంతంగా అమృతాంజనం తయారీ మొదలుపెట్టారు.

పది అణాల మందు

తొలిరోజుల్లో దాని ధర పది అణాలు. పదహారు అణాలు ఒక రూపాయి అయిన కాలంలో అది కూలి మనిషికి చిన్న మొత్తం కాదు. పేరు తెలియని సరుకును ఎవరు కొంటారు? అందుకే పంతులు గారు సంగీత కచేరీలకు వచ్చినవారికి మందును ఉచితంగా పంచిపెట్టారు. రాసుకున్నవారికి గుణం తెలిసింది. తర్వాత వారే కొట్టుకు వెళ్లి పేరు పెట్టి అడిగారు. స్వదేశీ ఉద్యమం వచ్చాక దేశీయ సరుకుకు గిరాకీ మరింత పెరిగింది.

లాభం పత్రికకు

డబ్బు వచ్చాక ఆయన ఏం చేశారన్నదే అసలు సంగతి. అప్పట్లో బొంబాయిలో మిల్లుల్లోనూ, కట్టడం పనుల్లోనూ తెలుగువారు చాలామంది ఉండేవారు. అక్కడే 1908లో ఆంధ్రపత్రికను వారపత్రికగా ప్రారంభించారు. 1914లో దానిని మద్రాసుకు తరలించి దినపత్రిక చేశారు. పత్రికకు నష్టం వస్తే మందు లాభం ఆదుకుంది. 1924లో సాహిత్యం కోసం భారతి మాసపత్రికను, 1926లో తక్కువ ధరకు మంచి పుస్తకాలు అందించేందుకు ఆంధ్ర గ్రంథమాలను స్థాపించారు. గ్రంథాలయాలకు చేయూతనిచ్చారు. కొమర్రాజు లక్ష్మణరావు 1923లో మరణించాక విజ్ఞాన సర్వస్వం పనిని తలకెత్తుకున్నారు.

స్వాతంత్ర్య పోరాటంలో జైలుకు కూడా వెళ్లారు. 1935లో ఆంధ్ర విశ్వకళాపరిషత్తు ఆయనకు కళాప్రపూర్ణ బిరుదునిచ్చింది. కోస్తా, రాయలసీమ నాయకులు 1937 నవంబరు 16న శ్రీబాగ్ ఒడంబడిక కుదుర్చుకున్నది మద్రాసులోని ఆయన ఇంట్లోనే. 1953లో ఏర్పడిన ఆంధ్ర రాష్ట్రానికి కర్నూలు రాజధాని కావడానికి మూలం ఆ ఒడంబడికే. 1938 ఏప్రిల్ 11న పంతులు గారు కన్నుమూశారు.

ఆంధ్రపత్రిక, భారతి తర్వాతి కాలంలో ఆగిపోయాయి. అమృతాంజనం మాత్రం నేటికీ కొట్టులో దొరుకుతోంది. తలనొప్పికి నాలుగు డబ్బులు ఖర్చు పెట్టిన ప్రతి ఇల్లూ తెలియకుండానే ఒక తెలుగు పత్రికకు చందా కట్టినట్టయింది.

పాత సీసాలు, రేకు డబ్బాలు, కొట్టు పేరు అచ్చేసిన సంచులు, పద్దు పుస్తకాలు ఇప్పుడు పాత సామాన్ల వాడి బండికెక్కుతున్నాయి. సరుకు ఏ ఊళ్లో తయారైంది, ఎవరు అమ్మారు, ఎంతకు అమ్మారు అన్న సంగతులు వాటి మీదే ఉంటాయి. మన ఊరి వ్యాపార చరిత్ర వేరే పుస్తకంలో దొరకకపోవచ్చు. అటక మీది డబ్బాను బండికి వేసే ముందు దాని మీది చీటీ ఒకసారి చదివితే మంచిది.