ఇంటిని కూడా లెక్కించమన్న నైటింగేల్

ఫ్లోరెన్స్ నైటింగేల్ అనగానే చేతిలో దీపంతో క్షతగాత్రుల మధ్య సంచరించే మూర్తే స్ఫురిస్తుంది. నిజానికి ఆ ఘట్టం ఆమె జీవితంలో రెండేళ్లయినా లేదు. తరువాతి కాలమంతా ఆమె ఆయుధం గణాంకాలే.

1820 మే 12న ఇటలీలోని ఫ్లోరెన్స్ నగరంలో సంపన్న ఆంగ్ల కుటుంబంలో ఆమె జన్మించారు. క్రిమియా యుద్ధకాలంలో గాయాల కంటే అంటువ్యాధులే అధిక సంఖ్యలో సైనికులను బలిగొన్నాయని స్వదేశం చేరాక లెక్కలతో, రంగుల వలయచిత్రాలతో నిరూపించారు. 1858లో లండన్ గణాంక సంఘానికి తొలి మహిళా సభ్యురాలయ్యారు.

1861 నాటి బ్రిటన్ జనగణనకు ముందు ఆమె రెండు అంశాలు చేర్చమని కోరారు: ప్రతి ఇంటా ఆనాడు ఉన్న రోగుల సంఖ్య, ఆ ఇంటి స్థితిగతులు. రోగానికీ నివాసానికీ గల సంబంధం అంకెల్లో తేలాలన్నది ఆమె పట్టుదల. ప్రభుత్వం అంగీకరించలేదు. మనుషులను లెక్కించడానికి సిద్ధపడిన పాలకులు వారు బతికే తీరును లెక్కించడానికి వెనుకాడారు.

భారతదేశానికి ఆమె ఎన్నడూ రాలేదు. అయినా 1859లో ఏర్పడిన రాయల్ కమిషన్ కోసం ఇక్కడి సైనిక స్థావరాలన్నింటికీ ప్రశ్నావళులు పంపి సమాచారం రాబట్టారు. బ్రిటిష్ సైనికుల్లో ఏటా వెయ్యికి 69 మంది మరణిస్తున్నారని 1863 నివేదిక వెల్లడించింది. కలుషిత జలం, మురుగు, కిక్కిరిసిన బ్యారక్‌లు అందుకు కారణాలుగా తేలాయి. చుట్టుపక్కల జనావాసాలు బాగుపడనిదే సైన్యం ఆరోగ్యంగా ఉండదని ఆమె గ్రహించారు. అక్కడి నుంచి ఆమె దృష్టి సైనికుని దాటి రైతు వైపు మళ్లింది.

1876-78 నాటి మహా క్షామం మద్రాసు రాజధానిని, అందులోని బళ్లారి, కర్నూలు, కడప జిల్లాలను కుదిపేసింది. అప్పుడు ఆమె ప్రశ్నలు మురుగు కాలువల వద్ద ఆగలేదు. రైతు అప్పు ఎంత, శిస్తు ఎంత, పొలానికి నీరు ఉందా అని ఆరా తీశారు. ధవళేశ్వరం ఆనకట్ట నిర్మాత ఆర్థర్ కాటన్‌తో ఉత్తర ప్రత్యుత్తరాలు సాగించి, నీటిపారుదల కోసం వాదించారు. 1878లో భారత ప్రజల దుస్థితిపై ఆమె రాసిన వ్యాసం లండన్ పత్రికలో వెలువడింది. రైళ్లపై మమకారం గల ప్రభుత్వం కాలువలపై అంత శ్రద్ధ చూపలేదు.

వార్ధక్యంలోనూ భారత గ్రామాల పారిశుద్ధ్యం గురించి రాస్తూనే ఉన్నారు. చూపు క్రమంగా మందగించింది. 1907లో ఆర్డర్ ఆఫ్ మెరిట్ పొందిన తొలి మహిళ అయిన ఆమె, 1910 ఆగస్టు 13న లండన్‌లో మరణించారు.