కొమరం భీము

2016వ సంవత్సరము అక్టోబరు 11వ తేదీన మన వికారాబాదు జిల్లా యేర్పడినది. ఆ దినముననే తెలంగాణమునకు ఉత్తరమున నేర్పడిన ఆసిఫాబాదు జిల్లాకు ఒక గోండు వీరుని పేరు పెట్టబడెను. ఆతడే కొమరం భీము. వికారాబాదు, తాండూరు ప్రాంతములలోని మన పూర్వులవలెనే ఆతడును నిజాము ప్రభుత్వము క్రింద బ్రదికినవాడు గావున, ఆతని చరిత్రము మన బాలబాలికలు తెలిసికొనదగినది.

భీము 20వ శతాబ్దపు తొలి దినములలో ఆసిఫాబాదు చెంతనున్న సంకెపల్లి గ్రామమున జన్మించెను. గోండులు అడవి నరికి జొన్నలు మొదలగు పైరులు పండించుకొని జీవించుచుండిరి. ప్రభుత్వము అడవులను తనవిగా నిర్ణయించి హద్దులు వేయగా వారి చేలనేకములు పోయెను. మిగిలిన భూములకు కాగితముల మర్మ మెరిగిన పరాయివారు పట్టాలు పొందిరి. చదువురాని గోండు తాతముత్తాతలు దున్నిన నేలయందే కూలివాడయ్యెను. నాబోతు ద్రాక్షతోట కథ చదివినవారికి ఈ యన్యాయమును వివరింప నక్కరలేదు.

తమ పంటను కాజేయవచ్చిన యొకనిని భీము కొట్టి చంపెననియు, పిమ్మట పారిపోయి చాందాలో చదువు నేర్చెననియు, అస్సాము తేయాకు తోటలలో కొన్నియేండ్లు కూలిపని చేసెననియు జనులు చెప్పుకొందురు. ఆ హత్యను మేము మెచ్చుకొనజాలము. గాని తాను నేర్చిన అక్షరములను ఆతడు తనవారి కొరకే వినియోగించెను.

స్వదేశమునకు మరలి వచ్చిన భీము జోడేఘాటు కొండలలో గోండులను కూడగట్టెను. నీరు, అడవి, భూమి తమవేయని వారు పట్టుపట్టిరి. అర్జీలు ఫలింపలేదు. తుదకు వారు ఆయుధములు పట్టిరి. 1940లో పోలీసులు కొండ నెక్కి కాల్పులు జరుపగా భీమును, ఆతని తోడివారిలో పలువురును మరణించిరి. నేటికిని గోండులు ఏటేట ఆశ్వయుజ పూర్ణిమనాడు ఆతనిని స్మరింతురు.

అటుపిమ్మట హైమెండార్ఫు అను ఆస్ట్రియా దేశపు పండితుడు గోండుల నడుమ నివసించి వారి కష్టములను ప్రభుత్వమునకు నివేదించెను. 1943లో మార్లవాయి గ్రామమున గోండు యువకులకు ఉపాధ్యాయ శిక్షణ మారంభమాయెను. గోండీ భాషలో వాచకములు సిద్ధమాయెను. అనేక కుటుంబములకు పట్టాలును లభించెను. ఇవి మునుపే యిచ్చియుండినచో జోడేఘాటులో అంత రక్తము చిందియుండునా?

విద్యార్థులారా! చదువురాని పొరుగువాడు ఒక కాగితము చేతబట్టుకొని మీ యింటికి వచ్చినయెడల విసుగుకొనక, అందున్నది ఉన్నట్లు చదివి వినిపింపుడు. భీము జనులకు ఆదిలో లోపించిన సహాయ మదియే.