ఫలవృక్షోద్ధారకుడగు టామస్ ఆండ్రూ నైటు

కీసర, శామీర్‌పేట, మేడ్చల్ ప్రాంతముల ద్రాక్షపందిళ్ళ నెరిగిన మన పెద్దలకు, నాటిన తీగముక్క వెంట తల్లితీగ గుణమే కాక తెగులును వచ్చునని వేరుగ జెప్ప నక్కరలేదు. ఈ సంగతి లోకమునకు దెలియని కాలమున, నశించుచున్న ఫలజాతుల నుద్ధరింప జీవితమును ధారవోసిన యొక మహాశయుని చరిత్రమును సంఘ సోదరులకు విన్నవించుచున్నాను.

నైటు 1759 ఆగస్టు 12వ తేదీన ఇంగ్లండునందలి హెరిఫర్డు సీమలో జన్మించెను. మతాచార్యుడగు తండ్రి యీతని బాల్యముననే గతించెను. తొమ్మిదవయేడు వచ్చువరకు బాలునకు చదువు సరిగా నబ్బలేదు. తోటలలో దిరుగుచు నేర్చినదే తొలిచదువు. ముప్పదియైదేండ్లు బడిపంతులుగా నున్న నేను దీనిని బాలుర కాదర్శముగ జూపజాలను గాని, నిజము దాచనేల? పిమ్మట నాతడు ఆక్సుఫర్డునందలి బేలియల్ కళాశాలలో విద్య నభ్యసించెను.

హెరిఫర్డు సీమ ఆపిలురసముతో జేయు సైడరు పానీయమునకు ప్రసిద్ధము. పదునెనిమిదవ శతాబ్ది చివర, ఆ సీమకు పేరు దెచ్చిన రెడ్‌స్ట్రీకు, గోల్డెన్ పిప్పిన్ మున్నగు ప్రాతరకములు క్షీణింపజొచ్చెను. క్రొత్తగ నంటుగట్టినను కొమ్మలు పుండ్లుపడి యెండుచుండెను. రైతుల బ్రదుకుదెరువే సంశయములో బడెను. 1795లో రాయల్ సొసైటీకి బంపిన వ్యాసమున నైటు దీనికొక హేతువు జెప్పెను. అంటు క్రొత్తచెట్టు గాదు, తల్లిచెట్టు శరీరములోని భాగమే. తల్లి ముదిసిన నంటులన్నియు ముదియును. కావున విత్తనమునుండి పుట్టిన నూతనసంతానమే శరణ్యమని యాతని మతము.

చెప్పి యూరకుండలేదు. పూవునందలి కేసరములను ముందుగనే తొలగించి, వేరురకపు పుప్పొడి నంటించి, గింజలు నాటి, కాపునకై యేండ్లతరబడి వేచియుండెను. ముదిసినదని తా నెంచిన గోల్డెన్ పిప్పిన్‌నే ఆరెంజి పిప్పిన్‌తో సంకరముచేసి డౌన్టన్ పిప్పిన్, యెల్లో ఇంజెస్ట్రీ యను ఆపిళ్ళను సాధించెను. ఎల్టన్, వాటర్లూ అను చెర్రీలును, కొన్ని స్ట్రాబెర్రీ రకములును ఆతని తోటలోనివే. 1811లో వెలువడిన ఆతని ఫలచిత్రగ్రంథమున కొన్ని చిత్రములు కుమార్తె ఫ్రాన్సెస్ వ్రాసినవి. బఠాణీ సంకరములనుగూర్చి 1799లో నాతడు ప్రకటించిన ఫలితములు మెండెలు కృషికంటె అరువదియేండ్లకుపైగా ముందటివి.

అయినను నాతడు చెప్పిన హేతువు సరియైనది కాదు. అంటునకు ముసలితనము రాదు. 1898లో హాలండు దేశీయుడగు బైజెరింకు పొగాకు తెగులును శోధించి వైరసు తత్త్వమును నిరూపించెను. పుండ్లకు శిలీంధ్రము కారణమైనను, ఆ క్షీణతలో గొంతపాలు అంటులవెంట నడచివచ్చిన వైరసులదని నేటివా రూహింతురు. ఆపిలు, నారింజ జాతుల వైరసులలో పెక్కింటికి గింజద్వారా దారిలేదు. హేతువు తప్పినను చికిత్స ఫలించుటకు మర్మమిదియే యని నా తలంపు.

బీజము ప్రధానమా, క్షేత్రము ప్రధానమా యని మన ధర్మశాస్త్రకారులు చర్చించిరి. నైటు బీజపక్షపాతి. మన చీనీతోటలలో మాత్రము రెండునుం గావలెను. పేనుబంకవలన వ్యాపించు ట్రిస్టెజా యను వైరసుతెగులునకు, పుల్లనారింజ వేరుమొక్కపై గట్టిన చీనీ కూలిపోవును. జంబేరి, రంగపూరు నిమ్మ వేరుమొక్కలపై గట్టినది తాళుకొనును. నారింజజాతి గింజలో పలు పిండములుండును. వానిలో తల్లికణములనుండియే పుట్టిన మొలకలు తల్లిగుణమును వదలక, ఆమె తెగులును మాత్రము విడిచి వచ్చును. ఈ వింత నైటు జూచియుండిన నెంత సంతసించెడివాడో!

1806లో రాయల్ సొసైటీవా రాతనికి కాప్లీ పతకము నిచ్చిరి. 1811 మొదలు మరణపర్యంతము లండను ఉద్యానసంఘమున కధ్యక్షుడై యుండెను. 1827లో పుత్రుడు వేటలో ప్రమాదవశమున మరణింపగా నాతడు మిక్కిలి కృంగెను. అయినను తోటపని మానలేదు. 1838 మే 11వ తేదీన లండనులో దేహము చాలించెను.