వీరేశలింగం పంతులుగారి సంసారము

కందుకూరి వీరేశలింగం పంతులుగారి పేరు బడికి పోయిన ప్రతివారికిని తెలిసినదే. విధవలకు మరల పెండ్లిండ్లు చేసిన పెద్దమనిషి యనియు, ఆడపిల్లలకు బడి పెట్టినవారనియు, రాజశేఖర చరిత్రము వ్రాసినవారనియు పాఠ్యపుస్తకములలో చదివియున్నాము. అయితే ఊరంతయు తలుపులు మూసికొన్న దినములలో ఆ యింట అన్నము వండినదెవరు, నీళ్లు మోసినదెవరు అని అడిగినవారు తక్కువ. ఈ నెల మన సంఘములలోని దంపతుల నిమిత్తము ఆయన చరిత్రను ఆ వైపునుండి చెప్పదలచితిమి. ఆయన మన విశ్వాసమునకు చెందినవారు కారు, బ్రహ్మసమాజమువారు. అయినను సంసారము దేనివలన నిలుచును, దేనివలన కూలును అను ప్రశ్నకు ఆ యిల్లు మంచి సాక్ష్యమని మా అభిప్రాయము.

పంతులుగారు 1848వ సంవత్సరము ఏప్రిల్ 16వ తేదీన రాజమహేంద్రవరములో పుట్టిరి. తండ్రి సుబ్బారాయుడుగారు, తల్లి పున్నమ్మగారు. నాలుగేండ్ల ప్రాయములోనే తండ్రి పోయెను. పెదతండ్రి వెంకటరత్నముగారు పెంచిరి. చిన్నతనమునుండియు ఒళ్లు బలహీనము. దగ్గు, ఉబ్బసము ఆయనను జీవితాంతము విడువలేదు. 1861లో, పదమూడేండ్ల వయస్సున, ఆయనకు పెండ్లి చేసిరి. పెండ్లికూతురు బాపమ్మ అను చిన్నపిల్ల, ఇంకను ఆటలాడుకొను వయస్సు. అత్తవారింట ఆమెకు రాజ్యలక్ష్మి అని పేరు మార్చిరి. పిల్లవానిని అడిగినవారు లేరు, పిల్లను అడిగినవారు అంతకంటెను లేరు. పేరు సహితము ఆమెది ఆమెకు మిగులలేదు.

ఇట్టి పెండ్లి మంచిదని మేము చెప్పుట లేదు. పంతులుగారే పెద్దయైన తరువాత బాల్యవివాహములను గట్టిగా ఖండించిరి. నేటి చట్టము ప్రకారము కన్యకు 18 ఏండ్లు, వరునికి 21 ఏండ్లు నిండవలెను. మేము బాసలు చెప్పించునప్పుడు ఆ లెక్క చూచియే చెప్పించుచున్నాము. ఇక్కడ గమనింపదగిన సంగతి వేరు. పెద్దలు కట్టిన ముడి ముడియే గాని సంసారము కాదు. ఆ యిద్దరు పిల్లలును పెరిగి పెద్దవారై దానిని సంసారముగా చేసికొనిరి. అది మెల్లమెల్లగా జరిగినది.

పంతులుగారు 1872లో కోరంగిలో ఉపాధ్యాయుడుగా నుండి, 1874లో ధవళేశ్వరమునకు వచ్చిరి. ఆ యేడే అక్కడ బాలికల పాఠశాల పెట్టిరి, ఆ యేడే వివేకవర్ధని అను పత్రికను ప్రారంభించిరి. ఊరి ఆడపిల్లలకు చదువు కావలెనని వ్రాయుటకు ముందు తన యింటి ఆడదానికి చదువు చెప్పుకొనిరి. బయట ఒక మాట, యింట ఒక మాట కాలేదు. చదువుకొన్న భార్య భర్తకు లోబడదను భయము ఆ దినములలో మెండు. మన గ్రామములలో ఇప్పటికిని పూర్తిగా పోలేదు. రాజ్యలక్ష్మమ్మగారి విషయములో జరిగినదేమనగా, భర్త చేయుచున్న పని యెందుకు చేయుచున్నాడో ఆమెకు తెలిసెను. తెలియని పనికి ఎవరును కష్టకాలములో తోడురారు.

ఆ దంపతులకు బిడ్డలు కలుగలేదు. ఈ ఒక్క సంగతిమీద కొంచెము నిలిచెదము. బిడ్డలు లేరని కోడలిని పుట్టింటికి పంపివేయుట, మారుమనువు మాట యెత్తుట ఎన్ని యిండ్లలో చూడలేదు? ఆ కాలమున మగవాడు రెండవ భార్యను తెచ్చుకొనుటకు ఆచారమును అడ్డురాదు, చట్టమును అడ్డురాదు. పంతులుగారు అట్టి పని చేయలేదు. బిడ్డలు లేని ఆ యిల్లు తరువాత పరుల బిడ్డలతో నిండెను. గొడ్రాలు అను మాటను నోట పలుకు అత్తలు ఈ దంపతులను ఒకసారి తలంచవలెను.

ఇక 1881వ సంవత్సరము. విధవలు మరల పెండ్లాడవచ్చునని ఇంగ్లీషు ప్రభుత్వము 1856లోనే చట్టము చేసినను, మన తెలుగు దేశములో దానిని ఆచరణలో పెట్టుటకు పై కులములలో ధైర్యము చేసినవారు లేకపోయిరి. డిసెంబరు 11వ తేదీ రాత్రి పంతులుగారు రాజమహేంద్రవరములో తమ యింట గోగులపాటి శ్రీరాములుగారికిని, కృష్ణా జిల్లానుండి వచ్చిన గౌరమ్మకును పెండ్లి చేసిరి. గౌరమ్మ బాలవితంతువు. కాకినాడ వర్తకులు పైడా రామకృష్ణయ్యగారు ధనసహాయము చేసిరి. విద్యార్థులు కాపు కాచిరి. పెండ్లి జరిగెను, తెల్లవారునప్పటికి వెలి మొదలాయెను.

వెలి యనగా ఏమో గ్రామములలోనుండు మనకు వివరింపనక్కరలేదు. నిప్పు లేదు, నీరు లేదు, పిలుపు లేదు. వంటవారు మానివేసిరి. నీళ్లు తెచ్చువారు మానివేసిరి. తోడుగా నిలుతుమని మాట యిచ్చినవారిలో కొందరు ప్రాయశ్చిత్తము చేయించుకొని కులములోనికి వెనుకకు పోయిరి. రాజ్యలక్ష్మమ్మగారి చుట్టములు ఆమెను కూడ భర్తను విడిచి రమ్మని ఒత్తిడి చేసిరి. ఆమె పోలేదు. గోదావరికి తానే నడిచి బిందెలతో నీళ్లు మోసికొని వచ్చి, పెండ్లివారికిని ఇంట చేరినవారికిని తానే వండి వడ్డించెను. ఎడమ కాలువ రాకమునుపు మన హాలియా ప్రాంతపు తల్లులు ఎండలో దూరపు బావులకు నడచినవారే. ఫ్లోరైడు లేని నీటికై ఈ జిల్లా ఎంత యేడ్చినదో ఎరుగుదుము. గనుక ఒక బిందె బరువెంతయో మన స్త్రీలకు చెప్పనక్కరలేదు. అందులో చూచు ప్రతివారును మొగము త్రిప్పుకొను వీధిలో మోయు బిందె మరింత బరువు.

ఆమె ఆ దినము వెళ్లిపోయియుండినయెడల పంతులుగారి పని యేమైయుండునో చెప్పలేము. ఆయన తొందర కోపము గలవారు, పట్టు విడువనివారు. పత్రికలో వ్రాసి శత్రువులను సంపాదించుకొన్నవారు. అట్టి మనిషితో కాపురము తేలిక కాదు. భార్య ఓర్పును పొగడి భర్త కోపమును మరచుట మన ప్రసంగములలో తరచుగా జరుగుచున్నది. అది న్యాయము కాదు. కాని ఆయనలో ఒక గుణముండెను. భార్య చేసిన కష్టమును తన ఘనతగా చెప్పుకొనక, స్వీయచరిత్రములో ఆమె తోడును పలుమారు తలంచుకొనిరి.

అపొస్తలుల కార్యములు 18వ అధ్యాయములోని అకుల ప్రిస్కిల్లలు ఇచ్చట జ్ఞాపకమునకు వచ్చుచున్నారు. క్లౌదియ చక్రవర్తి యాజ్ఞచేత రోమానుండి వెళ్లగొట్టబడి కొరింథులో డేరాలు కుట్టుకొని బ్రతికిరి. వారిద్దరి పేర్లు వాక్యములో విడివిడిగా రావు. ఒక్కొక్కచోట భార్య పేరే ముందు వచ్చును. చేతిపని యొకటి, యింట చేరిన అతిథి యొకడు. వారు ఒకరి ముఖము ఒకరు చూచుకొని కూర్చుండినవారు కారు, ఒకే డేరాగుడ్డకు రెండు అంచులు పట్టుకొన్నవారు.

మరియొక సంగతి. పంతులుగారు తమ జీవితకాలములో సుమారు 40 విధవా వివాహములు చేయించిరి. అన్నియు చక్కగా సాగలేదు. ఉద్యోగము దొరకుననియు, డబ్బు దొరకుననియు వచ్చిన వరులు కొందరుండిరి. వారివలన పంతులుగారు పడిన యాతన కొంచెము కాదు. కాని తప్పంతయు వారిమీద వేయుట మాకు సమ్మతము కాదు. ఆ క్రొత్త దంపతులకు పుట్టిల్లు లేదు, అత్తిల్లు లేదు, అద్దెకు ఇల్లు ఇచ్చువాడు లేడు. తగవు వచ్చిన సర్దిచెప్పు మేనమామ లేడు, పురుడు పోయుటకు మంత్రసాని రాదు. ఇంతమంది కలిసి మోయు బరువును ఇద్దరిమీదనే వేసిన ఏ కాపురమైన వంగును. రాజ్యలక్ష్మమ్మగారు ఆ పెండ్లికూతుండ్రకు తల్లియై, మంత్రసాని రాని పురుళ్లకు తానే నిలిచిరి. ఆ పెండ్లిండ్లలో నిలిచినవానికి ఆమె చేయి కొంత ఆధారమని తలంచుచున్నాము.

మన దినములలో కులము తప్పి పెండ్లాడి రెండు వైపుల తలుపులు మూయబడిన పిల్లలున్నారు. హైదరాబాదులో పనికి పోయి పెండ్లి లేకయే ఒక గదిలో కాపురముండు వారును ఉన్నారు. వివాహము దేవుని సన్నిధిని జరుగవలెనను మా బోధను దాచము. అయినను అట్టి పిల్ల దెబ్బలు తిని ఇంటికి వచ్చినప్పుడు, పెండ్లి పత్రమున్నదా అని అడుగువారు 2005వ సంవత్సరపు గృహహింస చట్టము చూడవలెను. వివాహమువంటి సంబంధములోనున్న స్త్రీకిని ఆ చట్టము రక్షణ యిచ్చుచున్నది. చట్టము తెరచిన తలుపును సంఘ పెద్దలు మూయరాదు. ముందు ఆమెకు అన్నము పెట్టుడి.

పంతులుగారు కొన్నేండ్లు మద్రాసులో ఉపాధ్యాయులుగా నుండి, అక్కడను విధవలకు శరణాలయము పెట్టి, తిరిగి రాజమహేంద్రవరము చేరిరి. 1906లో హితకారిణీ సమాజమును స్థాపించి తమ ఆస్తినంతయు దానికి వ్రాసియిచ్చిరి. బిడ్డలు లేని యిల్లాలికి, భర్త తరువాత నిలువ నీడ ఏమి యను దిగులు సహజము. అయినను ఆమె అడ్డుపడినట్లు ఎక్కడను వినము. మన సంఘములలో అర ఎకరము చెలకకై భార్యాభర్తలు నెలలకొలది మాటలాడుకొనని సందర్భములు మేమెరుగుదుము. గనుక ఈ సంగతి చదివినప్పుడు మేము చాలసేపు పుస్తకము మూసి కూర్చుంటిమి.

రాజ్యలక్ష్మమ్మగారు 1910వ సంవత్సరము ఆగస్టు 11వ తేదీన మరణించిరి. పెండ్లియై అప్పటికి 49 ఏండ్లు. పంతులుగారికి 62 ఏండ్లు. ఉబ్బసము ముదిరియుండెను, చేతిమీద శరణాలయమును, బడియు ఉండెను. ఆమె చేయుచుండిన పనులకు ఆయన వేరు మనుష్యులను వెదకుకొనవలసి వచ్చెను. ఆయన ఇంకను ఎనిమిదేండ్లకు పైగా బ్రతికి, 1919 మే 27న మద్రాసులో కన్ను మూసిరి.