నవ్వించిన తెలుగు మాస్టారు

రాజబాబును తెర మీద చూసి నవ్వినవాళ్లలో చాలామందికి ఆయన ఒకప్పుడు తెలుగు మాస్టారని తెలియదు. యాకుత్‌పురాలో తెలుగు చదువుకున్న నాకు ఆ సంగతే ఎక్కువ ఇష్టం. అసలు పేరు పుణ్యమూర్తుల అప్పలరాజు. 1935లో రాజమండ్రిలో పుట్టారు. పాఠాలు చెబుతూనే నాటకాలు వేశారు. 1960లో మద్రాసు వెళ్లి, వేషాలు దొరికేదాకా ట్యూషన్లు చెప్పుకున్నారు. ‘తాతా మనవడు’లో హీరో అయ్యారు. పేరొచ్చాక ఏటా తన పుట్టినరోజున పాతతరం నటులను పిలిచి సన్మానించేవారు. ఆయనను ఎరిగినవాళ్లు నవ్వులకన్నా ముందు దీన్నే తలచుకుంటారు. 1983లో మన హైదరాబాదులోనే, 47 ఏళ్లకే కన్నుమూశారు. ఈ స్వర్ణోత్సవంలో మన పాత మాస్టార్లకు శాలువా కప్పుతున్నాం. రాజబాబుగారిలా ఏటా చేద్దాం, వాళ్లు మన కళ్లముందు ఉండగానే.