కూలి దానం కాదు: ఫాదర్ జాన్ రయన్ జీవితం

పనివారికి జీతం ఎంత ఇవ్వాలి అని అడిగితే మనలో చాలామంది చెప్పే జవాబు ఒక్కటే: ఒప్పుకున్నంత. ఇచ్చేవారు ఇంత ఇస్తామన్నారు, పుచ్చుకునేవారు సరేనన్నారు, ఇక అందులో అన్యాయం ఏముంది అంటాం. ఈ జవాబు చాలదని జీవితమంతా బోధించిన ఒక గురువును ఈ వారం మీకు పరిచయం చేస్తాను.

ఫాదర్ జాన్ రయన్ 1869లో అమెరికాలోని మిన్నెసోటా రాష్ట్రంలో, ఐర్లాండు నుండి వలస వచ్చిన రైతు కుటుంబంలో జన్మించారు. సేద్యం చేసేవారి కష్టనష్టాలు చూస్తూ పెరిగారు. గురువిద్యాలయంలో ఉండగా, పదమూడవ లియో పాపుగారు 1891లో వెలువరించిన రేరుం నోవారుం విశ్వలేఖను చదివారు. గతిలేక తక్కువ కూలికి తల ఊపినవాడు మనసారా ఒప్పుకున్నట్లు కాదని, అది బలవంతమేనని పాపుగారు అందులో బోధించారు. ఆ బోధ రయన్‌గారి మనసులో నాటుకుపోయింది.

1898లో ఆయన గురుపట్టం పొందారు. తరువాత వాషింగ్టన్‌లోని కతోలిక విశ్వవిద్యాలయంలో పరిశోధన చేశారు. 1906లో అది జీవన వేతనం గురించిన పుస్తకంగా వెలువడింది. ఆయన వాదన సూటిగా ఉంటుంది. దేవుడు ఈ భూమిని అందరి పోషణకై ఇచ్చాడు. చేతి కష్టం తప్ప మరేమీ లేనివానికి ఆ పోషణ అందే దారి జీతం ఒక్కటే. కనుక కుటుంబం గౌరవంగా బ్రతకడానికి చాలినంత జీతం పనివాని హక్కు. యజమాని లాభం లెక్క దాని తరువాతే. ఆనాటి అమెరికా పట్టణాల్లో ఒక కుటుంబానికి ఏడాదికి కనీసం 600 డాలర్లు కావాలని కూడా ఆయన లెక్కగట్టారు.

1915 నుండి 1939 వరకు ఆయన అదే విశ్వవిద్యాలయంలో బోధించారు. 1919లో అమెరికా పీఠాధిపతులు ప్రకటించిన సామాజిక పునర్నిర్మాణ ప్రణాళికను రాసింది ఆయనే. కనీస వేతన చట్టం కావాలని అందులో కోరారు. అయితే స్త్రీల కనీస వేతన చట్టం ఒప్పంద స్వేచ్ఛకు విరుద్ధమంటూ 1923లో అమెరికా సుప్రీంకోర్టు దానిని కొట్టివేసింది. రయన్‌గారు వెనుదీయలేదు. 1937లో, హోటల్ గదులు శుభ్రం చేసే ఒక స్త్రీ వేసిన దావాలో, అదే కోర్టు తన అభిప్రాయాన్ని మార్చుకుంది. 1938లో దేశమంతటికీ కనీస వేతన చట్టం వచ్చింది. గంటకు 25 సెంట్లు. పొలం పనివారికి, ఇంటి పనివారికి మాత్రం అది వర్తించలేదు. 1945లో రయన్‌గారు కన్నుమూశారు.

మరి ఈ బోధ లోకానికేనా, శ్రీసభ సంస్థలకు లేదా? ఉందని, ఆ సంస్థలే ముందుగా మాదిరి చూపాలని 1986లో అమెరికా పీఠాధిపతులు తమ లేఖలో స్పష్టం చేశారు. అయినా 2005 తపస్సు కాలంలో, అదే వాషింగ్టన్‌లో యేసుసభకు చెందిన జార్జ్‌టౌన్ విశ్వవిద్యాలయంలో, పారిశుద్ధ్య పనివారికి చాలినంత జీతం ఇవ్వాలని విద్యార్థులు వారం రోజులకు పైగా నిరాహారదీక్ష చేయవలసి వచ్చింది. చివరికి కాంట్రాక్టు పనివారి జీతాలు పెంచడానికి విశ్వవిద్యాలయం అంగీకరించింది. న్యాయశాస్త్రం, వేదాంతం బోధించే చోట కూడా ఈ పాఠం మళ్ళీ చెప్పవలసి వచ్చిందన్నమాట.

పాఠకులారా, మన కళాశాల గేటు దగ్గర కాపలా ఉండేవారిని, మన బడి ఊడ్చే ఆయాను, మన ఇంట్లో అంట్లు తోమే అమ్మను ఒక్కసారి తలచుకోండి. ఆ జీతంతో వారి ఇల్లు నెల చివరిదాకా గడుస్తుందా? పండుగకు వారికి కొత్త చీర పెట్టడం మంచిదే. కాని నెలనెలా జీతంలో తగ్గించినది ఆ చీరతో తీరదు. చీర మన దయ. జీతం వారి హక్కు. హక్కు తీర్చిన తరువాతే దయ దయ అవుతుంది.