చిత్రంలో లేని నాన్న

తొమ్మిదో తరగతిలో ఉండగా మన డ్రాయింగు మాస్టారు ఒక రంగుల బొమ్మను బోర్డుకు ఆనించి, ఇందులో ఎంతమంది మనుషులున్నారో రాయమన్నారు. ఇంట్లో నిలబడ్డ తల్లి, చంకలో బిడ్డ, పక్కన కుక్క. అందరం ఇద్దరనే రాశాం. మాస్టారు మూడో మనిషి ఏడని అడిగి, నవ్వి ఊరుకున్నారు.

అది రాజా రవివర్మ 1893లో వేసిన తైలవర్ణ చిత్రం. పేరును తెలుగులో చెప్పుకుంటే 'అదిగో నాన్న'.

రవివర్మ 1848లో కేరళలోని కిళిమానూరులో పుట్టారు. పద్నాలుగో ఏట తిరువనంతపురం రాజాస్థానానికి చేరారు. నూనె రంగుల కిటుకు చెప్పేవారే లేరు. థియోడర్ జెన్సన్ అనే దొర తను బొమ్మ వేస్తుంటే చూడనిచ్చాడు, అంతే. అలా చూసీ, సొంతంగా తంటాలుపడీ నేర్చుకుని 1873లో వియన్నా ప్రదర్శనలో బహుమతి గెలిచారు. ఇక అక్కణ్ణుంచి తమ్ముడు రాజరాజవర్మను వెంటబెట్టుకుని మైసూరు, బరోడా, బొంబాయి అంటూ తిరగడమే. ఆయన ప్రెస్సులో అచ్చయిన లక్ష్మీ సరస్వతులు మన ఇళ్లలోకి ఎలా వచ్చారో అందరికీ తెలుసు.

ఈ బొమ్మలోని తల్లి ఆయన కూతురు మహాప్రభ, బిడ్డ ఆమె కొడుకు. వాళ్లది మరుమక్కత్తాయం పాటించే కుటుంబం. వంశం, ఆస్తి తల్లి వైపు నుంచే వస్తాయి, పిల్లలు తల్లి పుట్టింటి మనుషులు. అలాంటి ఇంట్లో, రాబోయే తండ్రి కోసం తల్లీబిడ్డా ఎదురుచూస్తున్నట్టు వేయడం చిన్న సంగతి కాదు. మారుతున్న కాలానికి అది గుర్తని పండితులు అంటారు. నాకు మాత్రం వేసినాయనే కనిపిస్తారు. ఊళ్లు పట్టుకు తిరిగిన ఆ తండ్రి కోసం చిన్నప్పుడు మహాప్రభ కూడా ఇలాగే గుమ్మం వైపు చూసి ఉంటుంది కదా!

ఇంత గట్టిగా అనడానికి కారణం ఉంది. ఆనకట్టల పనుల్లో ఏళ్ల తరబడి సైటు క్యాంపుల్లోనే ఉన్నాను. ఓసారి నాలుగు నెలల తర్వాత ఇంటికొస్తే, మా ఆవిడ మూడేళ్ల బాబును ఎత్తుకుని అదిగో నాన్న అంది. వాడు గుమ్మంలో ఉన్న నన్ను వదిలేసి గోడమీది నా ఫొటో వైపు చూశాడు.

రవివర్మ 1906లో కిళిమానూరులోనే, సొంతింట్లో కన్నుమూశారు. మన మాస్టారూ ఇప్పుడు లేరు. ఉంటే ఈ జూబ్లీ నాడు ఆయన దగ్గరకెళ్లి, ముగ్గురండీ అని చెప్పేవాణ్ణి.